అరికాలు కనబడని పుస్తకాలు: మెలనోమా సాహిత్యం మీద ఒక పరిశీలన

రోగం అందరికీ ఒకటే అంటారు. క్రిమికి కులం లేదు, కణానికి మతం లేదు అంటారు. వినడానికి బాగానే ఉంటుంది. కానీ రోగాన్ని గుర్తుపట్టే కంటికి రంగు ఉంటుంది, కులం ఉంటుంది, వర్గం ఉంటుంది. ఆ కంటికి చూడ్డం నేర్పేవి పుస్తకాలు. ఏ ఒంటిని ఎదురుగా పెట్టుకొని పుస్తకం రాశారో ఆ ఒంటి మీద వచ్చిన రోగమే ముందు కనబడుతుంది. మిగతా ఒళ్ళ మీద వచ్చింది ఆలస్యంగా కనబడుతుంది. క్యాన్సర్ విషయంలో ఆలస్యం అంటే ఏమిటో విడమరిచి చెప్పాల్సిన పని లేదు.

తెలుగు సాహిత్యంలో 'మనిషి' అని రాసినప్పుడల్లా ఆ మనిషి ఎవరు అని దళిత విమర్శ 1990ల్లో నిలదీసింది. సార్వజనీనం అని చెప్పుకున్న ఆ మనిషి అగ్రహారంలోనో, పెద్దరైతు లోగిట్లోనో తేలాడు. అదే ప్రశ్నను 'చర్మం' అనే మాటకు వేస్తే ఏం తేలుతుంది? మెలనోమా అనే చర్మ క్యాన్సర్ మీద రోగుల కోసం, వాళ్ళ ఇంటిమనుషుల కోసం ఇంగ్లీషులో వచ్చిన పుస్తకాలను ఈ ప్రశ్నతో చదవడం ఈ వ్యాసం పని. ఇవి డాక్టర్లకు పాఠాలు చెప్పే పుస్తకాలు కావు. రోగం అర్థం కావడానికి, దాంతో బతకడానికి సాయపడతామని చెప్పుకున్న పుస్తకాలు. కాబట్టి వాటిని ఆ మాట దగ్గరే పట్టుకొని అడగాలి: ఎవరికి అర్థం కావడానికి? ఎవరు బతకడానికి?

మనకు ఈ చర్చ ఎందుకు అనేవాళ్ళు ఉంటారు. నిజమే, మెలనోమా ఇండియాలో అరుదు. ఏడాదికి లక్షమందిలో ఒకరికి కూడా రాదు. నోటి క్యాన్సర్, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ మన వాడల్లో చేస్తున్న నష్టం ముందు ఇది లెక్కలోకి రాదు. అయినా రెండు కారణాలున్నాయి. అరుదైన రోగం కాబట్టి ఊళ్ళో డాక్టరు దాన్ని ఎన్నడూ చూసి ఉండడు. అట్లాంటప్పుడు పుస్తకమే దిక్కు. పుస్తకం కూడా మన ఒంటిని వదిలేస్తే ఇక దిక్కు లేదు. రెండో కారణం ఇంకా ముఖ్యమైంది. చర్మం మీద వచ్చే ఈ క్యాన్సర్ మన దేశంలో ఎక్కువగా కనబడే చోటు అరికాలు. అరికాలు గురించి మాట్లాడుతూ కులం గురించి మాట్లాడకుండా తప్పించుకోవడం ఈ దేశంలో కుదరదు.

పేరులో నలుపు, బొమ్మలో తెలుపు

మెలనోమా అనే పేరులోనే నలుపు ఉంది. గ్రీకు భాషలో 'మెలాస్' అంటే నలుపు. చర్మానికి రంగునిచ్చే పదార్థం మెలనిన్. దాన్ని తయారు చేసే కణాలు మెలనోసైట్లు. ఈ కణాలు అదుపు తప్పి పెరిగితే మెలనోమా. తెల్లతోలు వాళ్ళలో మెలనిన్ తక్కువ కాబట్టి ఎండలోని అతినీలలోహిత కిరణాలు కణాల లోపలి దాకా పోయి దెబ్బతీస్తాయి. అందుకే ఆస్ట్రేలియాలో, అమెరికాలో తెల్లవాళ్ళకు ఇది పెద్ద రోగం. అమెరికాలో ఒక తెల్లమనిషికి జీవితకాలంలో ఇది వచ్చే అవకాశం నూటికి మూడు దాకా ఉంది. నల్లమనిషికి వెయ్యికి ఒకటి.

ఇక్కడిదాకా చదివి నల్లవాళ్ళు అదృష్టవంతులు అనుకుంటాం. రెండో లెక్క చూడండి. అమెరికాలో రోగం తేలిన తర్వాత ఐదేళ్ళు బతికిన తెల్లవాళ్ళు నూటికి 94 మంది దాకా ఉంటే, నల్లవాళ్ళు 70 మంది. తక్కువగా వచ్చే రోగం ఎక్కువగా చంపుతోంది. ఎందుకు?

మెలనోమాలో ఒక రకం ఉంది. అది అరికాళ్ళలో, అరచేతుల్లో, గోళ్ళ కింద వస్తుంది. దాన్ని ఏక్రల్ మెలనోమా అంటారు. దానికి ఎండతో పెద్దగా సంబంధం లేదు. అరికాలికి ఎండెక్కడిది? ఈ రకం తెల్లవాళ్ళకూ నల్లవాళ్ళకూ ఇంచుమించు ఒకే రేటున వస్తుందని అమెరికా లెక్కలే చెబుతున్నాయి. కానీ తెల్లవాళ్ళలో ఎండ వల్ల వచ్చే మెలనోమా కుప్పలుగా ఉంది కాబట్టి, ఆ కుప్ప పక్కన ఇది నూటికి రెండో మూడో. నల్లవాళ్ళలో, ఆసియా వాళ్ళలో ఆ కుప్ప లేదు కాబట్టి మిగిలేది ప్రధానంగా ఇదే. అంటే తెల్లవాళ్ళ పుస్తకంలో ఒక పేరాగా మిగిలిపోయే రోగం మన దగ్గర పుస్తకమంతా కావాల్సిన రోగం. అసలు తగాదా ఇక్కడే ఉంది.

చేతిపుస్తకాలు ఏం చేశాయి, ఏం చెయ్యలేదు

ఈ కోవలో ముందుగా చెప్పుకోవాల్సింది కేథరిన్ పూల్, డూపాంట్ గెరీ కలిసి రాసిన 'మెలనోమా: ప్రివెన్షన్, డిటెక్షన్ అండ్ ట్రీట్‌మెంట్'. యేల్ యూనివర్సిటీ ప్రెస్ 1998లో వేసింది, 2005లో రెండో కూర్పు వచ్చింది. పూల్ మెలనోమా వచ్చి బతికిన మనిషి. గెరీ పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో ఈ రోగానికి వైద్యం చేసిన డాక్టరు. రోగి, డాక్టరు పక్కపక్కన కూర్చొని పుస్తకం రాయడం చిన్న విషయం కాదు. మన దగ్గర రోగి డాక్టరు ముందు నిలబడతాడు, కూర్చోడు. హోవర్డ్ కాఫ్‌మన్ 'ది మెలనోమా బుక్' 2005లోనూ, స్టీవెన్ వాంగ్ 'బీటింగ్ మెలనోమా' 2011లోనూ వచ్చాయి.

ఈ రకం పుస్తకాల మేలు ముందు చెప్పాలి. విమర్శ అంటే తిట్టడం కాదు. రోగి చేతికిచ్చిన పరీక్ష కాగితాన్ని రోగే చదువుకునేట్టు చేస్తాయి ఇవి. ఉదాహరణకు, మెలనోమాలో అన్నిటికన్నా ముఖ్యమైన సంఖ్య అది చర్మంలోకి ఎంత లోతు దిగిందనేది. 1970లో అలెగ్జాండర్ బ్రెస్లో అనే డాక్టరు ఈ లోతును మిల్లీమీటర్లలో కొలవాలని చెప్పాడు. ఒక మిల్లీమీటరు లోపు ఉంటే కోసి తీసేస్తే చాలామంది బతుకుతారు. నాలుగు మిల్లీమీటర్లు దాటితే కథ మారుతుంది. కాగితం మీద ఆ ఒక్క అంకె ఎక్కడుందో తెలిసిన రోగి డాక్టరును ప్రశ్న అడగగలడు. అడగడం మొదలైతే సగం భయం పోతుంది. జ్ఞానాన్ని తెల్లకోటు జేబులోంచి బయటికి తీసి రోగి చేతిలో పెట్టడం ప్రజాస్వామిక పని. దాన్ని కాదనను.

కానీ ఈ పుస్తకాల చూపు ఎటువైపు ఉందో చూడండి. 1985లో న్యూయార్క్ డాక్టర్లు మచ్చను గుర్తుపట్టడానికి 'ఏబీసీడీ' అని ఒక సూత్రం చెప్పారు. మచ్చ రెండు సగాలు ఒక్కలా లేకపోవడం, అంచు గజిబిజిగా ఉండడం, రకరకాల రంగులు ఉండడం, ఆరు మిల్లీమీటర్ల కన్నా పెద్దది కావడం. మచ్చ మారుతూ ఉండడం అనే ఐదోదాన్ని 2004లో చేర్చారు. ఈ సూత్రం తెల్లతోలు మీద మచ్చను చూసి చేసింది. తెల్లగోడ మీద నల్లచుక్క తేలిగ్గా కనబడుతుంది. అరికాలి మందపాటి చర్మం కింద, పగుళ్ళ మధ్య, మట్టి పట్టిన గోరు కింద ఈ సూత్రం సరిగా పనిచెయ్యదు. ఆ చోట్ల మచ్చ ఒక్కోసారి పుండులా ఉంటుంది, ఆనెకాయలా ఉంటుంది, దెబ్బకు నెత్తురు గడ్డకట్టిన గోరులా ఉంటుంది. కొన్నిసార్లు అసలు నల్లగానే ఉండదు, ఎర్రటి కండలా ఉంటుంది.

అరికాలు మెలనోమా ఈ సాహిత్యంలో అసలే లేదని నేను అనడం లేదు. ఉంటుంది. ఎట్లా ఉంటుందంటే ఊరి పటంలో మన వాడ ఉన్నట్టు. పేరు ఉంటుంది, దారి ఉండదు. ఎండ, సముద్రపు ఒడ్డు, సన్‌స్క్రీన్, కమిలిపోయిన చిన్నప్పటి భుజాలు - వీటి చుట్టూ తిరిగిన పుస్తకం 'ముదురురంగు చర్మం ఉన్నవాళ్ళలో' అని ఒక వాక్యం రాసి ముందుకు పోతుంది. ఆ వాక్యంలో మిగతా ప్రపంచమంతా ఇరుక్కొని ఉంది.

పది నుంచి నాలుగు దాకా

ఈ చూపు అమెరికాలోనే ఆగిపోతే మనకు అంత పట్టింపు ఉండేది కాదు. అది తర్జుమా అయి మన దాకా వచ్చింది. ఎండాకాలం రాగానే తెలుగు పత్రికల ఆరోగ్యం పేజీలు చూడండి. చర్మ క్యాన్సర్ రాకుండా ఉండాలంటే ఉదయం పది నుంచి సాయంత్రం నాలుగు దాకా ఎండలో తిరగొద్దు, సన్‌స్క్రీన్ రాసుకోండి, చలవ కళ్ళద్దాలు పెట్టుకోండి.

పది నుంచి నాలుగు దాకా మనోళ్ళు ఎక్కడుంటారు? మిరపచేలో, ఉపాధి హామీ పనిలో, ఇటుక బట్టీలో, భవనాల స్లాబుల మీద. ఎండలో తిరగొద్దు అంటే కూలి మానుకో అని అర్థం. ఈ సలహా రాసినవాడికి ఎండ ఒక విహారం. తప్పించుకోదలిస్తే తప్పించుకోవచ్చు. కూలికి ఎండ పనిచోటు. ఎండదెబ్బకు మనుషులు చస్తున్నారు కాబట్టి ఎండ గురించి మాట్లాడాల్సిందే. కానీ అది పని గంటల గురించి, నీడ గురించి, నీళ్ళ గురించి, యజమాని బాధ్యత గురించి మాట్లాడాల్సిన మాట. దాన్ని సన్‌స్క్రీన్ సీసాలోకి దించడం మోసం. పైగా మనకు ఎక్కువగా వచ్చే అరికాలు మెలనోమాను సన్‌స్క్రీన్ ఆపదు. అంటే పాటించలేని సలహా, పాటించినా పనికిరాని సలహా. రోగం గురించి చెప్పినట్టే ఉంటుంది గానీ చెప్పాల్సిన చోటు వదిలేసి పోతుంది.

బాబ్ మార్లీ బొటనవేలు

నల్లమనిషి మెలనోమా గురించి ప్రపంచానికి తెలిసిన కథ ఒకటే ఉంది. అది బాబ్ మార్లీది. 1977లో ఆయన కాలి బొటనవేలికి ఫుట్‌బాల్ ఆడేటప్పుడు దెబ్బ తగిలింది. గోరు కింద పుండు మానలేదు. పరీక్ష చేస్తే మెలనోమా అని తేలింది. వేలు తీసెయ్యాలన్నారు. ఆయన ఒప్పుకోలేదు. గోరు, దాని కింది భాగం తీసి చర్మం అతికించారు. 1980 సెప్టెంబరులో న్యూయార్క్ సెంట్రల్ పార్కులో పరిగెత్తుతూ పడిపోయాడు. అప్పటికే రోగం ఒళ్ళంతా పాకింది. 1981 మే 11న మయామీలో చనిపోయాడు. వయసు 36.

మార్లీ మీద పుస్తకాలు చాలా వచ్చాయి. తిమోతీ వైట్ 'క్యాచ్ ఎ ఫైర్' 1983లో వచ్చింది. భార్య రీటా మార్లీ తన జ్ఞాపకాలు 2004లో అచ్చువేసింది. అభిమానుల నోట ఈ చావు రెండు రకాల కథగా తిరుగుతుంది. ఫుట్‌బాల్ దెబ్బ వల్ల క్యాన్సర్ వచ్చిందని ఒకటి. రాస్తఫారీ విశ్వాసం వల్ల వేలు తీయించుకోక చచ్చిపోయాడని రెండోది. రెండూ రోగాన్ని అర్థం చేసుకోనివ్వవు. ఆ దెబ్బ క్యాన్సర్‌ను పుట్టించిందనడానికి ఆధారం లేదు. అప్పటికే ఉన్నదాని మీదికి దృష్టి మళ్ళించి ఉండొచ్చు. ఇక విశ్వాసం సంగతి. నల్లమనిషి చస్తే అతని మూఢత్వం వల్ల చచ్చాడనడం పాత అలవాటు. మన దగ్గరా అంతే. వాడ మనిషి ఆసుపత్రికి ఆలస్యంగా వస్తే 'వీళ్ళకు చైతన్యం లేదు' అని డాక్టరు కాగితం మీద రాయకపోయినా నోటితో అంటాడు. ఆలస్యం ఎన్ని చోట్ల జరిగిందో ఎవరూ లెక్కపెట్టరు.

మార్లీ పాట తెలియని కాలేజీ హాస్టల్ లేదు. ఆయన బొమ్మ ఉన్న చొక్కా తొడుక్కున్న కుర్రవాళ్ళు మన ఊళ్ళలోనూ ఉన్నారు. నల్లబడిన బొటనవేలి గోరు మానకపోతే చూపించుకోవాలి అనే ముక్క మాత్రం ఆ పాటతోపాటు రాలేదు. పాట ప్రయాణం చేసింది, వేలు చెయ్యలేదు.

ధైర్యం చెప్పే పుస్తకాలు

రోగాన్ని అర్థం చేయించే పుస్తకాలు ఒక రకం. రోగంతో బతకడం నేర్పేవి ఇంకో రకం. ఇక్కడ రెండు పాత పుస్తకాలను గుర్తు చేసుకోవాలి. సూజన్ సొంటాగ్ 'ఇల్‌నెస్ యాజ్ మెటఫర్' 1978లో వచ్చింది. రోగం చుట్టూ మనం కట్టే పోలికలు, నీతులు, శాపాలు రోగిని రోగం కన్నా ఎక్కువ బాధపెడతాయని ఆమె వాదం. పాపఫలం, కర్మ అనే మాటలు విని పెరిగిన మనకు ఈ వాదం కొత్త కాదు. కానీ సొంటాగ్ తనకు క్యాన్సర్ ఉందని ఆ పుస్తకంలో ఎక్కడా చెప్పలేదు. తన ఒంటిని బయట పెట్టి వాదం చేసింది.

రెండేళ్ళకు, 1980లో ఆడ్రీ లార్డ్ 'ది క్యాన్సర్ జర్నల్స్' తెచ్చింది. ఆమె నల్లజాతి కవి, లెస్బియన్. రొమ్ము క్యాన్సర్ వచ్చి ఒక రొమ్ము తీసేశారు. కృత్రిమ రొమ్ము పెట్టుకొని మామూలుగా కనబడమని ఆమెకు సలహా ఇచ్చారు. పెట్టుకోకపోతే మిగతా రోగుల మనసు చెడుతుందన్నారు. లార్డ్ ఒప్పుకోలేదు. దాచిపెట్టడం ఎవరి సుఖం కోసం అని అడిగింది. ఇది మెలనోమా పుస్తకం కాదు. అయినా మెలనోమా రోగులకు ధైర్యం చెప్పే చాలా పుస్తకాల కన్నా ఇది మనకు దగ్గర. ఎందుకంటే ధైర్యం ఒంటరిగా ఇంట్లో కూర్చొని తెచ్చుకునే వస్తువు కాదని, నలుగురు మాట్లాడితే పుట్టేదని ఆమెకు తెలుసు. తీసేసిన వేలును, పాదాన్ని గుడ్డ చుట్టి దాచుకునే మనోళ్ళకు ఈ మాట చేరాలి.

ఈ వరసలో కొత్తగా వచ్చింది మేరీ ఎలిజబెత్ విలియమ్స్ 2016 పుస్తకం 'ఎ సిరీస్ ఆఫ్ కటాస్ట్రఫీస్ అండ్ మిరకిల్స్'. ఆమె పత్రికా రచయిత్రి. 2010లో తల మీద మెలనోమా తేలింది, ఏడాదికే పాకింది. న్యూయార్క్‌లో ఒక పెద్ద క్యాన్సర్ కేంద్రంలో రెండు కొత్త మందులు కలిపి ఇచ్చే ప్రయోగంలో చేరింది. కొద్ది నెలల్లో కణితులు మాయమయ్యాయి. అదే కాలంలో ఆమె స్నేహితురాలు వేరే క్యాన్సర్‌తో చనిపోయింది. పక్కపక్కన ఈ రెండూ పెట్టి రాయడంలో నిజాయితీ ఉంది.

ఆ మందుల కథ నిజంగా పెద్ద మార్పు. ఇపిలిముమాబ్‌కు 2011లో, నివోలుమాబ్, పెంబ్రోలిజుమాబ్‌లకు 2014లో అమెరికాలో అనుమతి వచ్చింది. శరీరపు సొంత రక్షణ వ్యవస్థకు వేసి ఉన్న బ్రేకును తీసేసి క్యాన్సర్ మీదికి వదలడం వాటి పద్ధతి. దీనికి పునాది వేసిన జేమ్స్ అలిసన్, తసుకు హోంజోలకు 2018లో నోబెల్ ఇచ్చారు. కాబట్టి 1998, 2005 పుస్తకాల్లో వైద్యం గురించిన అధ్యాయాలు ఇవాళ పాతబడ్డాయి. లైబ్రరీలో దొరికినా ఆ భాగాలను నమ్మి నిర్ణయం తీసుకోకూడదు.

కానీ అద్భుతం చెప్పే పుస్తకాన్ని కూడా అదే ప్రశ్న అడగాలి. ఎవరికి అద్భుతం? ఈ మందులు అరికాలు మెలనోమా మీద ఎండ మెలనోమా మీద పనిచేసినంతగా పనిచెయ్యవని తేలింది. ఎండ మెలనోమాలో దాదాపు సగం మందిలో కనబడే బీఆర్ఏఎఫ్ అనే జన్యుమార్పు దీనిలో చాలా తక్కువమందిలో ఉంటుంది. కాబట్టి ఆ మార్పు మీద గురిపెట్టిన మందులు కూడా ఎక్కువమందికి పనికిరావు. ఇక ఖర్చు సంగతి కూలి కుటుంబం ముందు ఎత్తలేం. అంటే పుస్తకమూ మనల్ని వదిలేసింది, పరిశోధనా వెనక ఉంచింది, ధరా దూరం పెట్టింది. మనకు మిగిలిన ఒకే ఒక్క మందు తొందరగా గుర్తుపట్టడం. అది పుస్తకం చెయ్యగల పని. అందుకే ఇంత తగాదా.

అరికాలి చరిత్ర

శూద్రుడు పాదాల నుంచి పుట్టాడని పురుషసూక్తం చెప్పింది. పంచముడికి ఆ పాదాల్లో కూడా చోటివ్వలేదు. ఊరందరికీ చెప్పులు కుట్టిన మాదిగ ఊరి వీధిలో చెప్పులు చేతపట్టుకొని నడిచాడు. తోలు నానబెట్టి, ఊనబెట్టి, కుట్టి ఊరి కాళ్ళకు తొడిగిన చేతులవాడి కాళ్ళు బండరాళ్ళ మీద, పల్లేరుకాయల మీద నడిచాయి. మన కాలి చర్మం చదువుకున్నవాడి కాలి చర్మం కాదు. దానికి పగుళ్ళున్నాయి, ఆనెలున్నాయి, దిగబడ్డ ముళ్ళున్నాయి. ఒక మచ్చ అక్కడ పుడితే దాన్ని విడిగా చూసే అలవాటు ఎవరికుంటుంది?

చెప్పుల్లేకపోవడం వల్లే ఈ క్యాన్సర్ వస్తుందని ఎవరైనా అంటే నమ్మకండి. అది రుజువు కాలేదు. పాదం మీద బరువు ఎక్కువ పడే చోట్లలో, మడమలో, ముందుపాదంలో ఇది ఎక్కువగా ఉందని 2016లో జపాన్ డాక్టర్లు చూపించారు. ఒత్తిడికీ దీనికీ ఏదో సంబంధం ఉండొచ్చని అనుమానం. అంతవరకే. మన వాదానికి అంతకన్నా అక్కర్లేదు. రోగం ఎందుకొచ్చిందన్నది కణాల సంగతి. ఎందుకు ఆలస్యంగా తేలిందన్నది సమాజం సంగతి.

మా మేనమామ పొగాకు బేరన్ల దగ్గర, మిరపచేలల్లో బతుకంతా పనిచేసినవాడు. ఎడమ మడమ కింద చింతగింజంత నల్లమచ్చ లేచింది. ఆరెంపీ డాక్టరు ఆనెకాయన్నాడు, బ్లేడుతో చెక్కాడు. అది పుండయింది. పట్నంలో ఒక ఆసుపత్రిలో షుగరు పుండన్నారు. నెత్తురు పరీక్షలో షుగరు లేదని తేలాక కూడా అదే కట్టు కట్టి పంపారు. మా అత్త మాత్రం ప్రతివారం కట్టు విప్పి చూసి 'ఇది పుండు కాదు, లోపల ఏదో పెరుగుతోంది' అనేది. ఆమె మాట ఎవరూ కాగితం మీద ఎక్కించలేదు. ఏడాదిన్నర గడిచాక గజ్జల్లో బిళ్ళలు కట్టాయి. అప్పుడు ముక్క తీసి పరీక్షకు పంపారు. మెలనోమా అనే మాట మా ఇంట్లో మొదటిసారి వినబడింది అప్పుడు. ఆ తర్వాత ఆయన ఎనిమిది నెలలు బతికాడు.

ఇందులో ఎవరికి చైతన్యం లేదు? మా మామ మొదటి నెలలోనే చూపించుకున్నాడు. మా అత్త సరిగ్గానే చూసింది. చూడాల్సిన కన్నే తయారు కాలేదు. ఎట్లా తయారవుతుంది? అమెరికాలో వైద్య విద్యార్థులు చదివే నాలుగు పాఠ్యగ్రంథాల్లో బొమ్మలను లెక్కపెట్టిన ఒక పరిశోధన 2018లో వచ్చింది. ముదురు నల్లచర్మం ఉన్న బొమ్మలు నూటికి ఐదు కూడా లేవు. మన వైద్య కళాశాలల్లో కూడా చదువు నడిచేది చాలావరకు పడమటి దేశాల పుస్తకాల మీదే. నల్లవాళ్ళ దేశంలో నల్లవాళ్ళకు వైద్యం చెయ్యబోయే డాక్టరు తెల్లచర్మం మీద రోగాన్ని నేర్చుకొని వస్తాడు.

దీన్ని మార్చడం అసాధ్యమేమీ కాదు. లండన్‌లో సెయింట్ జార్జెస్ వైద్య కళాశాలలో చదువుకుంటున్న మలోన్ ముక్వెండే అనే జింబాబ్వే సంతతి విద్యార్థి, నల్లచర్మం మీద ఈ గుర్తు ఎట్లా ఉంటుంది అని తరగతిలో అడిగీ అడిగీ, చివరికి ఇద్దరు అధ్యాపకులతో కలిసి 2020లో 'మైండ్ ది గ్యాప్' అనే చేతిపుస్తకం చేశాడు. ఒకే రోగం తెల్లచర్మం మీద, నల్లచర్మం మీద ఎట్లా కనబడుతుందో పక్కపక్కన చూపించి, ఎవరైనా ఉచితంగా చదువుకునేట్టు పెట్టాడు. అది మెలనోమా కోసమే చేసింది కాదు, పరిమితులూ ఉన్నాయి. కానీ ప్రశ్న అడిగింది విద్యార్థి. అది గుర్తుపెట్టుకోవాలి.

తెలుగులో ఏం కావాలి

పుట్టుమచ్చల మీద తెలుగులో పుస్తకాలు లేకపోలేదు. బస్టాండుల్లో 'పుట్టుమచ్చల శాస్త్రం' దొరుకుతుంది. కుడి అరికాలిలో మచ్చ ఉంటే ప్రయాణాలు, ఎడమ భుజం మీద ఉంటే సంపద, ఇట్లా ఉంటాయి ఫలితాలు. మచ్చను చూడమని చెప్పేది జాతకం కోసం. అదే మచ్చ పెరుగుతోందా, కారుతోందా అని చూడమని చెప్పే చవక పుస్తకం ఆ పక్కన ఉండాలి.

మనకు దారి చూపించిన పుస్తకాలు ఉన్నాయి. మెక్సికో పల్లెల్లో పుట్టిన డేవిడ్ వెర్నర్ పుస్తకం 'వైద్యుడు లేని చోట'గా హైదరాబాద్ బుక్ ట్రస్ట్ ద్వారా తెలుగులోకి వచ్చి ఊళ్ళు తిరిగింది. 1990ల మొదట్లో అన్వేషి స్త్రీల బృందం 'సవాలక్ష సందేహాలు' తెచ్చింది. ఆడవాళ్ళు తమ ఒంటి గురించి ఆడవాళ్ళ భాషలో మాట్లాడుకోవచ్చని అది నిరూపించింది. ఆ రెండింటి దారిలో చర్మం మీద ఒక పుస్తకం రావాలి. మెలనోమా ఒక్కదానికే పుస్తకం అక్కర్లేదు. కుష్ఠు, షుగరు పుండు, బోదకాలు, పొలం పనుల్లో మందుల వల్ల వచ్చే దద్దుర్లు, వీటన్నిటితోపాటు పాదం గురించి ఒక అధ్యాయం. తర్జుమా చెయ్యడం కాదు, మన ఒంటి నుంచి మొదలుపెట్టి రాయడం.

ఆ అధ్యాయంలో ఏముండాలో కూడా తెలుసు. పాదాల మచ్చలను, పుండ్లను చూడ్డానికి బ్రిటన్ పాదవైద్యులు 2010లో ఒక సూత్రం చెప్పారు. దాన్ని మన మాటల్లో పెడితే ఐదు ప్రశ్నలు. మచ్చలో గానీ పుండులో గానీ చర్మం రంగు కాని రంగు ఏదైనా ఉందా? ఇది ఏమిటో ఖాయంగా తేలకుండానే ఉందా? నెత్తురు గానీ రసి గానీ కారుతోందా? మందు వాడుతున్నా పెరుగుతోందా? రెండు నెలలు దాటినా మానలేదా? వీటిలో ఏ రెండింటికి అవునని జవాబు వచ్చినా చెక్కడాలు, కాల్చడాలు ఆపి, ముక్క పరీక్ష చేసే చోటికి పోవాలి. గోళ్ళ సంగతి విడిగా చెప్పాలి. నల్లచర్మం వాళ్ళకు గోళ్ళలో గోధుమరంగు గీతలు ఉండడం మామూలే, భయపడక్కర్లేదు. ఒకే గోరులో ఒకే గీత కొత్తగా వచ్చి వెడల్పవుతుంటే, రంగు గోరు దాటి పక్క చర్మంలోకి పాకుతుంటే చూపించుకోవాలి. పాదం మీద వచ్చే మచ్చల్లో, పుండ్లలో ఎక్కువ భాగం క్యాన్సర్ కాదని కూడా అదే పేజీలో రాయాలి. భయపెట్టి అమ్ముకునే పుస్తకాలు మనకొద్దు.

బొమ్మలు మన పాదాలవే ఉండాలి. పగిలిన మడమ, పసుపు రాసిన పాదం, మెట్టెలున్న వేళ్ళు, చెప్పు ఒరిసిన చోటు. ఎవరి అరికాలు వాళ్ళకు సరిగా కనబడదు, కాబట్టి ఇంట్లో ఒకరి పాదం ఒకరు చూడాలని రాయాలి. కట్టు విప్పి చూసే ఆడమనిషి మాటకు విలువివ్వమని డాక్టర్లకు రాయాలి. ముక్క పరీక్ష ఏ ఆసుపత్రిలో చేస్తారు, ఆరోగ్యశ్రీలో ఏ కాగితాలు అడుగుతారు, బస్సు ఖర్చుతో కలిపి ఎన్ని రోజుల కూలి పోతుంది అనేవి ధైర్యం చెప్పే అధ్యాయంలో ఉండాలి. కూలి మనిషికి ధైర్యమంటే ముందు ఇవే.

ఇంకో పని పరిశోధకులది. మన క్యాన్సర్ రిజిస్ట్రీల నివేదికల్లో వయసు ఉంటుంది, లింగం ఉంటుంది, ప్రాంతం ఉంటుంది. ఎవరు ఏ దశలో వచ్చారు, ఎన్ని చోట్ల తిరిగి వచ్చారు అనేది కులం వారీగా చెప్పే పట్టిక ఉండదు. ఆ పట్టిక లేనంతకాలం 'చైతన్యం లేదు' అనే మాటే కారణంగా చెలామణి అవుతుంది. వైద్య కళాశాలల్లో, నర్సింగ్ కాలేజీల్లో చదువుకుంటున్న మన పిల్లలు ఇవాళ వేలల్లో ఉన్నారు. లండన్‌లో ఒక విద్యార్థి అడిగిన ప్రశ్న వాళ్ళు తమ తరగతిలో లేచి అడగాలి: సార్, ఇది మా చర్మం మీద ఎట్లా ఉంటుంది? జవాబు రాకపోతే ఆ జవాబును మనమే పుస్తకంగా రాసుకుందాం.